గోదావరి కోత, మేట, కొలత

గోదావరీతీరమున పుట్టి పెరిగినవారికి నదియొక్క రెండు కార్యములు చిరపరిచితములు. ఒకటి కోత, రెండవది మేట. ఒక ఒడ్డును కోసి వేరొక ఒడ్డున మేటవేయుట నదికి సహజధర్మము. బాసరనుండి కాళేశ్వరమువరకు గల తీరగ్రామములలో, నీటినడుమ ఒక తావును వ్రేలితో చూపి తన తాతనాటి చేనో మామిడితోటయో అచ్చట ఉండెడిదని చెప్పని వృద్ధుడు అరుదు. ఎంత భూమి పోయినదని అడిగినచో చాల పోయినదనును. ఎన్నడు పోయినదని అడిగినచో పెద్దవరదనాడనును. ఆ పెద్దవరద ఏ సంవత్సరముదో, పోయినది ఎన్ని గుంటలో తెలుపు కాగితము సాధారణముగా ఆతనియొద్దను ఉండదు, కచ్చేరిలోను ఉండదు. భూమి దస్తావేజులలో మాత్రము పెక్కుచోట్ల ఆ సర్వేనంబరు ఎకరములతో గుంటలతో చెక్కుచెదరక నిలిచియుండును.

కాగితముపై భూమి, కన్నులయెదుట నీరు. ఈ విరుద్ధస్థితియే మా నేటి ప్రస్తావమునకు కారణము. పన్ను, అప్పు, వారసత్వము, నష్టపరిహారము అన్నియు కాగితముననుసరించి నడచును. నది కాగితమును చదువదు. ఈ రెండింటికిని నడుమ వంతెనవలె నిలువవలసినది కొలత. నది తీరములను, గర్భమును, ముఖద్వారమును ఏటేట కొలిచి వ్రాసియుంచుట యనునది పండితుల వినోదము గాని, ఇంజనీర్ల రహస్యము గాని కాదనియు, ఉత్తర తెలంగాణములోని ప్రతి పట్టాదారునకు అది సొంతవ్యవహారమనియు నిరూపింప ప్రయత్నించెదము.

ముందుగా ఈ భూమి స్వరూపమును స్మరింతము. త్ర్యంబకమున పుట్టిన గోదావరి కందకుర్తివద్ద మంజీరను కలుపుకొని మన రాష్ట్రమున ప్రవేశించుచున్నది. అచ్చటినుండి, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనకు పూర్వము, ఉత్తరమున ఆదిలాబాదునకు, దక్షిణమున నిజామాబాదు, కరీంనగరములకు నదియే చాలవరకు హద్దుగా నుండెను. నేడు నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి జిల్లాలు ఆ తీరమును పంచుకొన్నవి. ఉత్తరమున పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత మహారాష్ట్రముతో మనకుగల ఎల్లలు. కదలుచుండు వస్తువును హద్దుగా పెట్టుకొన్న ప్రాంతమునకు కొలతయొక్క ఆవశ్యకత వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ నదులన్నియు ఒకే విధమైన సరకును మోయవు. మహారాష్ట్రమునుండి ఆదిలాబాదు పడమటిభాగమువరకు వ్యాపించిన నల్లరాతిపీఠము అరిగి రేగడిమట్టి యగును. గోదావరి మంజీరలు ఆ మెత్తని మట్టిని నీటితో కలిపి తెచ్చును. తూర్పున మందమర్రి, బెల్లంపల్లి, రామగుండము ప్రాంతములలో బొగ్గును కప్పియున్న ఇసుకరాళ్లు వేరొక జాతివి. అవి కోట్ల సంవత్సరములకు పూర్వము అప్పటి నదులే తెచ్చి పరచిన మేటలు. ఈ లోయలోని రాళ్లలోనే ప్రాచీన మహాసరీసృపముల అస్థికలు లభించినవి. నేడు హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రములో నిలువబెట్టబడిన కోటసారస్ అను జంతువు ఆదిలాబాదు సీమనుండి వెడలినదే. అనగా మన కాళ్లక్రింది నేలయే ఒకనాటి నదుల మేట. నేటి నది దానిని మరల కోసి సముద్రమునకు చేర్చుచున్నది. వార్ధా వైన్‌గంగల కలయికచే ఏర్పడిన ప్రాణహిత కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియును. గోదావరి పరీవాహకప్రాంతమంతయు సుమారు 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లు కాగా అందులో మూడవవంతు ప్రాణహితదే. అందుచే కాళేశ్వరమునకు దిగువ గోదావరి రూపమే మారిపోవును.

నది ఎంత భూమిని మార్చునో తెలిసికొనుటకు చరిత్రయు ఒక కొలబద్ద. పెద్దవాగు గోదావరిలో కలియు చోటనున్న కోటిలింగాలలో పురావస్తుశాఖవారు 1979 మొదలు కొన్నియేండ్లు త్రవ్వకములు జరిపిరి. శాతవాహనవంశకర్తయైన సిముకుని నాణెములును, అంతకు పూర్వులైన గోభద, సమగోపాదుల నాణెములును అచ్చట దొరకినవి. రెండువేల యేండ్లకు పూర్వము పట్టణము కట్టుకొన్నవారు సంగమస్థానమును కోరుకొనిరి. ఏలయన అచ్చట రేవు గలదు, మేటభూమి గలదు. ఆ దిబ్బ వానలకు, వరదలకు అరిగెను. తదుపరి ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు ఆ ప్రాంతమును తాకెను. నదియు మానవుడును కలిసి మార్చిన భూమికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము వేరొకటి కానరాదు.

ఇక కొలత సంగతి. ఈ దేశమున భూమిని శాస్త్రీయముగ కొలుచుట క్రొత్తది కాదు. 1802లో మద్రాసువద్ద ఆధారరేఖ నిర్ణయించి విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహాత్రికోణమితి కొలత ఉత్తరాభిముఖముగ సాగి హైదరాబాదు రాజ్యమును దాటెను. ఆతని సహాయకుడైన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణాగోదావరుల నడిమి అడవులలో కొలతపనికి వెళ్లి జ్వరపీడితుడై వెనుకకు రావలసివచ్చెను. లాంబ్టన్ 1823లో నాగపూరునకు పోవుదారిలో, వార్ధాసీమలోని హింగన్‌ఘాట్‌లో మరణించెను. అది ప్రాణహిత పరీవాహకమే. ఆ కొలతలు పాలకుల ప్రయోజనముకొరకు జరిగినవనుట నిజము. అయినను వారు నాటిన గుర్తులు స్థిరమైనవి. కదలుదానిని కొలువవలెనన్నచో కదలనిదొకటి మొదట ఉండవలెనను సూత్రమును వారు మనకు చూపిరి. నేటికిని తీరపుకోతను కొలుచువారికి అదియే ప్రథమసూత్రము.

నదిని కొలుచుటలో మూడు పనులున్నవి. మొదటిది ఒడ్డును కొలుచుట, రెండవది గర్భమును కొలుచుట, మూడవది నీరు మోయు మట్టిని కొలుచుట. మంచిర్యాలవద్ద గోదావరిపైనను, టేకరావద్ద ప్రాణహితపైనను కేంద్ర జలసంఘమువారి కేంద్రములున్నవి. ఇట్టి కేంద్రములందు నీటిమట్టము, ప్రవాహవేగము చూచుటయేగాక నీటిని సీసాలలో పట్టి, వడగట్టి, ఎండబెట్టి, అందలి మట్టిని తూచుదురు. రేణువులను ముతక, నడితరగతి, మెత్తన అని మూడుగ విభజింతురు. మిల్లీమీటరులో అయిదవవంతునకు మించినది ముతక. ఒక సీసాలోని మట్టిని ఆనాటి ప్రవాహముతో హెచ్చించినచో ఆ దినమున నది ఎన్ని టన్నుల భూమిని మోసినదో తేలును. చూచుటకు అల్పమైన ఈ పనిపై మహత్తరమైన లెక్కలు ఆధారపడియున్నవి. అయితే నదియడుగున దొర్లిపోవు ముతక ఇసుక సీసాలో చిక్కదు. కనుక సీసాలెక్క నది మోయు మొత్తముకన్న ఎల్లప్పుడు తక్కువగానే ఉండును.

గర్భమును కొలుచుటవలన ఏమి తెలియునో పోచంపాడు చెప్పగలదు. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరమునకు మొదట నిర్ణయించిన సామర్థ్యము 112 టీఎంసీలు. 1994లో కొలువగా అది 90.3కు దిగినది. తరువాతి కొలతలో 80.5కు దిగినది. పూడికచే పోయినది 31.5 టీఎంసీలు, అనగా నూటికి 28 వంతులు. టీఎంసీ యన నూరుకోట్ల ఘనపుటడుగులు. ఒక టీఎంసీ నీటిని ఒక అడుగు లోతున పరచినచో సుమారు 23 వేల ఎకరములను కప్పును. కాబట్టి పోచంపాడులో పూడికపాలైన చోటు 7 లక్షల 20 వేల ఎకరములపై ఒక అడుగు నీటికి సమానము. ఆ ప్రాజెక్టు మొదటిదశ ఆయకట్టు 9 లక్షల 68 వేల ఎకరములని స్మరించినచో ఈ నష్టముయొక్క పరిమాణము బోధపడును. కాకతీయకాలువ చివరిభూముల రైతు తన తూమునకు నీరు రాలేదని కాలువ అధికారిని నిందించుచుండును. ఆతని నీటిలో కొంతవంతు ఎగువసీమల రేగడిమట్టి ఆక్రమించినదని ఆతనికి ఎవరును చెప్పినవారు లేరు.

ఇది ఒక్క పోచంపాడు కథయే కాదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము మొదటి సామర్థ్యము 29.7 టీఎంసీలు. మంజీర తెచ్చిన పూడికచే అది ఎంతగా క్షీణించెననగా, నీటిమట్టమును ఎత్తుచేసిన పిమ్మటగూడ 17.8 మాత్రమే నిలిచినది. ఎగువ జలాశయము మట్టిని పట్టినన్నాళ్లు దిగువదానికి కొంత ఆయువు పెరుగును. ఎగువది నిండిన పిమ్మట ఆ భారము దిగువదానిపై పడును. కావున ఒక్కొక్క జలాశయమును విడివిడిగ కొలిచి ఊరకుండుట చాలదు. నది పొడవునను ఒకే కాలమున, ఒకే పద్ధతిని కొలిచి, ఆ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. పద్ధతి మారినచో రెండు కొలతల నడిమి భేదములో నది చేసినదెంతయో, పద్ధతి చేసినదెంతయో తెలియకపోవును.

చెరువులవిషయమున మన పూర్వులు ఈ లెక్కను ఎరిగినవారే. పూడికతీత గ్రామధర్మముగ నడచినంతకాలము చెరువు బ్రతికినది. ఆ ఆచారము సన్నగిల్లినకొలది చెరువులు మెరకలైనవి, శిఖములు సాగుభూములైనవి. 2015 మార్చిలో ఆరంభమైన కాకతీయ ఉద్యమమునందు చెరువుల పూడిక తీసి పొలములకు తోలిరి. అందులో ఒక విశేషమున్నది. చెరువులోనికి వచ్చిన ఒండు ఎగువపొలముల పైమట్టియే. దానిని బండ్లకెత్తి మరల పొలమున పోయుటయనగా పోయిన సొత్తును తిరిగి ఇంటికి తెచ్చుకొనుట. ప్రతిచెరువునుండి ఎన్ని సంవత్సరములకు ఎంత పూడిక తీసినది సరిగా వ్రాసియుంచినచో, ఆ పరీవాహకమున ఎకరమునకు ఏటేట ఎంత మట్టి కొట్టుకొనిపోవుచున్నదో చిన్నబాలుడుకూడ లెక్కకట్టగలడు. చెరువే మట్టిని తూచు త్రాసు.

ఇక కొలువకపోవుటవలన కలుగు అనర్థమునకు నిదర్శనముగ మేడిగడ్డను చెప్పకతప్పదు. గోదావరీప్రాణహితల సంగమమునకు దిగువ, పాత కరీంనగరము జిల్లా మహదేవపురము ప్రాంతమున నిర్మింపబడిన ఆ బ్యారేజి 2019 జూన్ 21న ప్రారంభింపబడెను. సామర్థ్యము 16.17 టీఎంసీలు, ద్వారములు 85. పునాది క్రింద నున్నది ఇసుక. 2023 అక్టోబరు 21న ఏడవ భాగమునందలి స్తంభములు కుంగెను. జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థవారు పరిశీలించి, పునాదిక్రింది ఇసుక నీటితో కొట్టుకొనిపోవుట ప్రధానకారణమని తెలిపిరి. ప్రారంభమైననాటినుండి దిగువనున్న కాంక్రీటు దిమ్మలను, రాతిపరపును పరీక్షింపకపోవుటచే కట్టడము క్రమక్రమముగ దుర్బలమైనదనియు వారు వ్రాసిరి. దోషులెవరని నిర్ణయించుట విచారణలకు వదలెదము. మేము చెప్పదలచినది వేరు. కోత యనునది ఒడ్డుననే జరుగదు. కంటికి కానరాక, స్తంభముల మొదళ్లలో, రాతిపరపుల అంచులలోకూడ జరుగును. వర్షాకాలమునకు ముందు ఒకమారు, పిదప ఒకమారు అచ్చట లోతు కొలిచినయెడల, నది తన ఉద్దేశమును ముందుగనే తెలుపును. 2021 నాటి ఆనకట్టల భద్రతాచట్టము ఇట్టి పరీక్షలను విధించుచున్నది. విధించుట ఒకటి, గడకర్ర తీసికొని నీటిలో దిగుట వేరొకటి.

ఆదిలాబాదు సీమలోని కడెం మరియొక పాఠము. కుంతాల జలపాతమునుండి దూకివచ్చు ఆ చిన్ననది అడవులనుండి, గుట్టలనుండి అతివేగముగ వచ్చును. నిర్మాణదశలోనున్న కడెం ఆనకట్ట 1958లో వరదకు తెగిపోయెను. పిమ్మట ద్వారములు పెంచి బలపరచిరి. 2022 జూలైలో వచ్చిన వరద ఆ 18 ద్వారముల విడుదల సామర్థ్యమునుకూడ మించి ప్రజలను భయకంపితులను చేసెను. ఆ నెలలోనే గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు పెరిగినది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు చూచిన తరువాత అంతటి మట్టము రాలేదు. ఇట్టి వరద ఒక్కవారములో పది సంవత్సరముల కోతను కోయగలదు. వరదకు పూర్వపు కొలత లేనిచో వరద చేసినదేమో చెప్పుటకు ఆధారము లేదు. వరద వచ్చినతరువాత టేపు తీసికొని పరుగెత్తుట ఇల్లు కాలినతరువాత బావి త్రవ్వుట వంటిది.

ఇసుక సంగతి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మానేరు, గోదావరి ఇసుక నేడు నగరములకు బంగారమైనది. మానేటి ఒడ్డున చెలమ తీసి మంచినీరు త్రాగిన తరమువారు ఇంకను జీవించియేయున్నారు. ఇసుక నీటిని దాచు గాదె. ఆ గాదె తరిగినకొలది తీరమునగల బావుల ఊట తగ్గును, ఒడ్లు ఆధారము లేక విరిగిపడును, వంతెనల పునాదులు బయటపడును. కరీంనగరము, పెద్దపల్లి సీమలలోని మానేటి తీరరైతుల ఆవేదనకు మూలమిదియే. ఎన్ని లారీలు వెడలినవని లెక్కించుటతో అధికారుల పని ముగియుచున్నది. లారీల లెక్క ఖజానాకు కావలెను. నదికి కావలసిన లెక్క వేరు: గత వర్షాకాలమున ఎంత ఇసుక వచ్చి చేరినది, వేసవిలో ఎంత తీసితిమి, గర్భము ఎన్ని అడుగులు దిగినది. 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు దీపక్‌కుమార్ వ్యాజ్యమున, చిన్న క్షేత్రములలోకూడ పర్యావరణానుమతి లేక త్రవ్వరాదని శాసించెను. 2016, 2020 సంవత్సరములలో కేంద్ర పర్యావరణశాఖ వెలువరించిన నియమములు వర్షమునకు ముందును వెనుకను నదిగర్భమును కొలిచి, తిరిగి చేరినంత మేరకే తీయవలెనని చెప్పుచున్నవి. వచ్చినంత తినుట సంసారము, మూలధనము తినుట దివాలా. ఈ న్యాయమును వర్తకులకు మేము బోధింపనక్కరలేదు.

మన ఒడ్డున జరుగుదాని ఫలితము మన జిల్లాలతో ముగియుననుకొనుట పొరపాటు. పోచంపాడునుండి ధవళేశ్వరమువరకు నది ఒక్కటియే. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భూగోళశాస్త్రజ్ఞులు హేమమాలిని, నాగేశ్వరరావు గారలు 2004లో ప్రకటించిన పరిశోధన ఈవిషయమున మేల్కొలుపు. ధవళేశ్వరమువద్ద గోదావరి మోసిన మట్టి 1971-79 నడుమ ఏటా సగటున 15 కోట్ల 2 లక్షల టన్నులు ఉండగా 1990-98 నాటికి 5 కోట్ల 72 లక్షల టన్నులకు తగ్గినది. ఎగువ జలాశయములు ఆ మట్టిని పట్టియుంచుటయే అందుకు ప్రధానకారణముగ వారు గుర్తించిరి. 1976, 2001 నాటి ఉపగ్రహచిత్రములను పోల్చిచూడగా డెల్టా ముఖమున నికరముగ 1,836 హెక్టారుల భూమి సముద్రముపాలైనది. అది 4,500 ఎకరములకు పైబడిన మాట. వేల సంవత్సరములు నది సముద్రమునుండి భూమిని గెలిచి తెచ్చినది. ఇప్పుడు నదికి ఇచ్చుటకు మట్టి లేదు, సముద్రము మాత్రము తన పనిని మానలేదు. భూమి కుంగుట, సముద్రమట్టము పెరుగుట ఆ నష్టమును ఇంకను పెంచును. కాకినాడసీమలో ఉప్పాడ జాలరుల ఇండ్లు కెరటములపాలగుటను పత్రికలలో చదివి జాలిపడు కరీంనగరవాసి, ఆ తీరమునకు చేరవలసిన మట్టిలో కొంత తన కాలువకు నీరిచ్చు జలాశయపు అడుగున నిలిచియున్నదని గ్రహింపవలెను.

ఇది మన దేశపు దౌర్భాగ్యమే కాదు. 1970లో పూర్తియైన ఆస్వాన్ ఆనకట్ట తరువాత నైలునది ఒండు జలాశయముననే ఆగిపోగా రొసెట్టా, డామియెట్టా ముఖములవద్ద సముద్రపు కోత తీవ్రమైనది. అమెరికాలో మిసిసిపీ ముఖమునగల లూసియానా 1930ల నుండి వేల చదరపు కిలోమీటర్ల తీరభూమిని పోగొట్టుకొనెను. భారతదేశపు తీరమును 1990నుండి 2018వరకు గల చిత్రములతో కొలిచిన జాతీయ తీరపరిశోధనకేంద్రమువారు నూటికి 33.6 వంతుల తీరము కోతకు గురియగుచున్నదనియు, 26.9 వంతుల తీరము పెరుగుచున్నదనియు తేల్చిరి. సముద్రతీరమునకు ఇట్టి లెక్క గలదు. గోదావరి నడితీరమునకు, ప్రాణహితకు, మానేటికి గ్రామగ్రామపు లెక్క ప్రజలకందునట్లు ఎచ్చట నున్నది?

ఉపగ్రహములున్నవిగదా, గ్రామస్థుడు కొలువనేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఉపగ్రహచిత్రము అమూల్యమైనది. 1972నుండి లాండ్‌శాట్ చిత్రములు లభించుచున్నవి. మన దేశపు చిత్రములను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము భువన్‌ద్వారా 2009నుండి ప్రజలకు చూపుచున్నది. అయితే తొలి లాండ్‌శాట్ చిత్రములో ఒక్కొక్క చుక్క సుమారు 80 మీటర్లు, 1980ల తరువాతివానిలో 30 మీటర్లు. ఏటా ఆరు అడుగులు పోవు ఒడ్డు అందులో కనబడదు. ఇరువది యేండ్ల మార్పుమాత్రము కనబడును. ఇటీవలి కార్టోశాట్ చిత్రములు మిక్కిలి సూక్ష్మమైనవైనను, చిత్రము తీసిననాడు నీటిమట్టమెంతయో ఎరుగక ఒడ్డును గీయుట ప్రమాదము. నీరు నిండిననాటి ఒడ్డు వేరు, వేసవినాటి ఒడ్డు వేరు. ఆకాశమునుండి చూచు కంటికి నేలపైని గుర్తురాయి సాక్షిగ నిలువవలెను.

అట్టి సాక్షిని నిలుపుట ఎంత సులభమో చెప్పెదము. ఒడ్డునుండి నూరుగజములు వెనుకగా, కదలని చోట రెండు రాళ్లు ఒకేవరుసలో, నదికి అడ్డముగ చూచునట్లు పాతవలెను. ఆ వరుసవెంట ఒడ్డు అంచువరకు టేపుతో కొలువవలెను. జ్యేష్ఠమాసమున వర్షములకు ముందొకమారు, కార్తికమున నీరు తీసిన పిమ్మట ఒకమారు కొలిచి, తేదీతో, నీటిమట్టముతో, ఇద్దరు సాక్షుల సంతకములతో పుస్తకమున వ్రాయవలెను. తీరము పొడవున ఫర్లాంగునకొక జత రాళ్లున్న చాలును. ఎదుటి ఒడ్డుననుకూడ అటులే చేయవలెను. ఏలయన నది వంపుయొక్క వెలుపలి ఒడ్డును కోసి లోపలి ఒడ్డున మేటవేయును. ఒక్క ఒడ్డు కొలిచినవాడు సగము కథయే వినినవాడు. నేడు చేతిఫోనులోనే స్థానసూచకమున్నది. కాని దాని లెక్కలో కొన్ని మీటర్ల తప్పు రావచ్చును. రాయి, టేపు దానికన్న నమ్మదగినవి.

లెక్కను ఒక ఉదాహరణముతో చూపెదము. అరమైలు పొడవున ఏటా ఆరు అడుగులచొప్పున ఒడ్డు పోయినదనుకొందము. పోయినది 15,840 చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగులు గనుక అది 14 గుంటలకు పైబడును. పదేండ్లలో మూడున్నర ఎకరములు దాటును. ఒడ్డు పదునైదడుగుల ఎత్తున్నచో ఏటా 2 లక్షల 37 వేల ఘనపుటడుగుల మట్టి దిగువకు చేరుచున్నదన్నమాట. ఒక్క యేటి కొలతను చూచి కంగారుపడరాదు, నిశ్చింతపడనురాదు. నది ఒక యేడు కోసి మరుసటియేడు మేటవేయవచ్చును. అయిదారేండ్ల వరుస కొలతలలోగాని దాని నడక తెలియదు.

దీనివలన లాభమేమని భూస్వాములు అడుగుదురు. లాభములు మూడు. మొదటిది, భూమి పోయినపుడు అర్జీతోపాటు సమర్పించుటకు తేదీలుగల సాక్ష్యముండును. కన్నీరు కచ్చేరిలో దాఖలు కాదు, అంకె దాఖలగును. రెండవది, ఎచ్చట రాతికట్టు వేయవలెనో, ఎచ్చట వేయుట వృథాయో తెలియును. ఒకచోట రాళ్లు పేర్చినచో ప్రవాహము దిగువ పొలముపైబడి పొరుగువాని భూమిని కోయుట తీరవాసులెరిగినదే. మూడవది, మేటపడిన క్రొత్తభూమి ఎవరిదను తగవు కర్రలవరకు పోకుండ కాగితమువద్దనే ఆగును.

మరియొక శంక కలదు. ఆనకట్టలను, జలాశయములను నిందించుచున్నారా యని కొందరు మమ్ము అడుగవచ్చును. ఎంతమాత్రమును కాదు. పోచంపాడు లేని కరీంనగరపు మెట్టభూముల దుస్థితిని చూచినవారెవరును అట్లనరు. గాదెలున్న గృహస్థుడు ఏటేట గాదెలోని ధాన్యమును కొలుచుకొనును. గాదె నిండ ధాన్యమున్నదని పుస్తకమున వ్రాసికొని, లోపల మూడవవంతు మట్టియున్నను చూడనివాడు లోకులలో నవ్వులపాలగును. 112 అని శిలాఫలకమున చదివి సంతోషించి 80ని మరచుట అట్టిదియే. జలాశయములను ప్రేమించువారే వానిని కొలువవలెను.

కావున మేము మూడు సూచనలు చేయుచున్నాము. ప్రభుత్వమువారు గోదావరి, ప్రాణహిత, మానేరు, కడెంలపైగల ప్రతి జలాశయమును ఒకే పద్ధతిని, అయిదేండ్లకొకమారైన కొలిపించి, ఆ లెక్కను తెలుగులో గ్రామపంచాయతీలకు పంపవలెను. ఇసుకరేవుల నదిగర్భపు కొలతలను, వర్షమునకు ముందువి వెనుకవి, రేవువద్దనే పలకపై వ్రాయించవలెను. తీరగ్రామములలోని ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు, రైతుసంఘములు కలిసి గుర్తురాళ్లు పాతి తీరపుస్తకము నడుపవలెను. మొదటి రెంటికి ప్రభుత్వము కదలవలెను. మూడవదానికి ఎవరి అనుమతియు అక్కరలేదు, రెండు రాళ్లు, ఒక టేపు, ఒక పుస్తకము చాలును.

ధర్మపురిలో, మంథనిలో, కాళేశ్వరములో స్నానమాచరించి నదికి పసుపుకుంకుమలు సమర్పించు సంప్రదాయము మనది. తల్లిగ కొలుచుట, టేపుతో కొలుచుట అను రెండును తెలుగున ఒకే మాట. మొదటి కొలుపు మనకు తరతరముల వారసత్వముగ వచ్చినది. రెండవదానిని ఈ జ్యేష్ఠమునందే, తొలకరికి ముందు, ఏదో ఒక తీరగ్రామమువారు ఆరంభింతురని ఆశించుచున్నాము. మొదటి పుస్తకమున మొదటి అంకె వ్రాసిన గ్రామమునకు ముందుగ మా అభినందనములు.